సున్నా అంటే సున్నా కాదు: ఎస్‌జీపీటీ, ఎల్‌డీహెచ్‌లతో కట్టిన అండ్ గేట్‌లో నాయిస్‌ను ఎలా అణిచాం

రీసెర్చ్‌లోకి రాకముందు రెండేళ్లు ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేశాను. పొద్దున పది దాటేసరికి ట్రేల నిండా సీరం ట్యూబులు వచ్చేవి. వాటిలో సగానికి ఎస్‌జీపీటీ అనే కాలేయపు పరీక్ష చేయాలి. వంద మైక్రోలీటర్ల సీరం, ఒక మిల్లీలీటరు రీజెంట్, 37 డిగ్రీలు. 340 నానోమీటర్ల దగ్గర నిమిషానికి ఓడీ (కాంతిని ఎంత పీల్చుకుంటోందో చెప్పే అంకె) ఎంత పడుతోందో చూసి 1768తో గుణిస్తే రిపోర్టులో రాయాల్సిన అంకె వచ్చేది. ఆ 1768 ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. ఈ రియాక్షన్‌లో ఖర్చయ్యే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు ఒక మిల్లీమోలార్ ఉంటే ఒక సెంటీమీటరు క్యువెట్‌లో (కొలత కోసం వాడే చిన్న పాత్రలో) ఓడీ 6.22 వస్తుంది. సీరం పదకొండు రెట్లు పలచబడింది. పదకొండును 6.22తో భాగించి వెయ్యితో గుణించండి, 1768 వస్తుంది.

తర్వాత ఎన్నో ఏళ్లకు బయోకెమికల్ లాజిక్ గేట్ల మీద, అంటే కంప్యూటర్ చిప్‌లోలా 0, 1 జవాబులిచ్చే రియాక్షన్ల మీద, పని మొదలుపెట్టినప్పుడు, మళ్లీ అదే రియాక్షన్ నా టేబుల్ మీదకు వచ్చింది. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ ఆగిపోయామో, ఏం చేస్తే కదిలిందో వివరంగా రాస్తున్నాను. ఎంజైమ్‌లతో గేట్లు కట్టాలనుకునే విద్యార్థులకు పనికొస్తుందని నా ఆశ.

గేట్ ఏమిటి?

ఎస్‌జీపీటీ అని మనం పిలిచే ఎంజైమ్ అసలు పేరు అలనైన్ ట్రాన్స్‌ఎమినేజ్, పొట్టిగా ఏఎల్‌టీ. ఇది అలనైన్, ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌లను తీసుకుని పైరువేట్, గ్లూటమేట్ ఇస్తుంది. ఆ పైరువేట్‌ను ఎల్‌డీహెచ్ అనే ఇంకో ఎంజైమ్ లాక్టేట్‌గా మారుస్తుంది, ఆ పనిలో ఎన్‌ఏడీహెచ్ ఖర్చయి ఎన్‌ఏడీ అవుతుంది. ఎన్‌ఏడీహెచ్ 340 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఎన్‌ఏడీ పీల్చుకోదు. అందుకే ఓడీ పడుతుంది.

ఎస్‌జీపీటీ టెస్టుకు ప్రామాణికంగా వాడే రీజెంట్‌లో ఎల్‌డీహెచ్‌ను లీటరుకు 1700 యూనిట్లు, ఆపైన పోస్తారు. పైరువేట్ పుట్టీ పుట్టగానే మింగేయాలి, వేగం మొత్తం ఏఎల్‌టీ మీదే ఆధారపడాలి అన్నది దాని ఉద్దేశం. ఇప్పుడు రీజెంట్‌లోంచి ఆ ఎల్‌డీహెచ్‌ను తీసేయండి. సీరంలో సహజంగా ఉన్న ఎల్‌డీహెచ్‌నే పని చేయనివ్వండి. ఏఎల్‌టీ తక్కువైతే పైరువేట్ పుట్టదు. ఎల్‌డీహెచ్ తక్కువైతే పుట్టిన పైరువేట్ ఖర్చు కాదు. రెండూ ఎక్కువైతేనే ఓడీ బాగా పడుతుంది. ఇదే అండ్ గేట్. ఎల్‌డీహెచ్ ఒక్కటే పెరగడానికి గుండె, కండరాలు, ఎర్ర రక్తకణాలు ఇలా సవాలక్ష కారణాలు ఉంటాయి. ఏఎల్‌టీ కూడా కలిసి పెరిగితే చూపు కాలేయం వైపు తిరుగుతుంది. కాబట్టి ఈ గేట్ జవాబుకు వైద్యంలో ఒక అర్థం ఉంది.

రసాయన అణువులతో లాజిక్ చేయవచ్చని 1993లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ నుంచి ప్రసన్న డి సిల్వా బృందం నేచర్ పత్రికలో చూపించింది. ఎంజైమ్ గేట్లలో నాయిస్ (ఇన్‌పుట్‌లో వచ్చే అక్కర్లేని ఊగిసలాట) గురించి గట్టిగా ఆలోచించింది మాత్రం అమెరికాలో క్లార్క్‌సన్ యూనివర్సిటీకి చెందిన ఎవ్‌గెనీ కాట్జ్, వ్లాదిమిర్ ప్రివ్‌మన్. ఒకరు కెమిస్ట్, ఒకరు ఫిజిక్స్ మనిషి. కాలేయపు దెబ్బను గుర్తుపట్టే రెండు ఎంజైమ్‌ల అండ్ గేట్‌కు రెండు ఇన్‌పుట్ల వైపూ ఎస్ ఆకారపు స్పందన తెప్పించి 2012లో ప్రచురించారు. మా పనికి దారి చూపింది అదే.

సున్నాతో వచ్చిన చిక్కు

ఎలక్ట్రానిక్స్ పాఠంలో 0 అంటే కరెంటు లేనట్టే. సీరంలో 0 అంటే ఆరోగ్యవంతుడిలో ఉండే మోతాదు. ఏఎల్‌టీకి మేం లీటరుకు 20 యూనిట్లను 0 అనుకున్నాం, 2000ను 1 అనుకున్నాం. ఎల్‌డీహెచ్‌కు 150 అంటే 0, 1000 అంటే 1. ఏఎల్‌టీలో 0కి, 1కి మధ్య వంద రెట్ల తేడా ఉంది, హాయిగా పని చేసుకోవచ్చు. ఎల్‌డీహెచ్‌లో ఏడు రెట్లు కూడా లేదు. ఈ గేట్‌లో కష్టమంతా అక్కడే.

పదకొండు రెట్లు పలచబడ్డాక క్యువెట్‌లో ఏం జరుగుతుందో చూద్దాం. ఏఎల్‌టీ 20 ఉంటే నిమిషానికి సుమారు 1.8 మైక్రోమోలార్ పైరువేట్ పుడుతుంది. 2000 ఉంటే 182. ఎల్‌డీహెచ్ 150 ఉంటే అది గరిష్ఠంగా నిమిషానికి 13.6 మైక్రోమోలార్ ఖర్చు చేయగలదు, 1000 ఉంటే 91. పైరువేట్‌కు ఎల్‌డీహెచ్ కేఎమ్ (ఎంజైమ్ గరిష్ఠ వేగంలో సగానికి చేరే మోతాదు) 100 మైక్రోమోలార్ అనుకుని లెక్కేశాం. ఎన్‌ఏడీహెచ్ 200 మైక్రోమోలార్‌తో మొదలుపెట్టి మూడో నిమిషంలో ఓడీ చదివాం.

రెండూ 1 అయితే 165 మైక్రోమోలార్ దాకా ఖర్చవుతుంది, ఓడీ ఒకటి దాకా పడుతుంది. ఏఎల్‌టీ 0, ఎల్‌డీహెచ్ 1 అయితే నాలుగు. రెండూ 0 అయితే చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఏఎల్‌టీ 1, ఎల్‌డీహెచ్ 0 అయితే 26. అంటే పూర్తి సిగ్నల్‌లో ఆరో వంతు, అది కూడా 0 రావాల్సిన చోట. బెంచ్ మీద కూడా దాదాపు ఇలాగే వచ్చింది.

ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్లకు ఏ జవాబో చూపే పట్టిక) వేసి చూస్తే అన్ని గడులూ సరిపోయాయి. మూడు చోట్ల తక్కువ, ఒక చోట ఎక్కువ. చాలా పేపర్లు అక్కడితో ఆగిపోతాయి కూడా. కానీ మనుషుల ఎల్‌డీహెచ్ 150 దగ్గర కొలిచి పెట్టినట్టు ఉండదు. ఒకరికి 140, ఇంకొకరికి 230, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. పైపెట్‌లో ఒక శాతం, టెంపరేచర్‌లో అర డిగ్రీ, టైమర్‌లో ఐదు సెకన్లు. ఇవన్నీ కలిసి ఇన్‌పుట్‌ను అటూ ఇటూ ఊపుతుంటాయి. గేట్ ఆ ఊపును తగ్గిస్తుందా, పెంచుతుందా అన్నదే అసలు పరీక్ష.

దాన్ని కొలిచే పద్ధతి తేలికే. ఇన్‌పుట్‌నూ అవుట్‌పుట్‌నూ 0 నుంచి 1 వరకు ఉండేలా స్కేల్ చేసి, నాలుగు మూలల (0-0, 0-1, 1-0, 1-1) దగ్గర గ్రాఫ్ వాలు చూడాలి. వాలు ఒకటి కంటే తక్కువైతే నాయిస్ అణుగుతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. ఎంజైమ్‌ల మామూలు గ్రాఫ్ మొదట్లోనే నిటారుగా లేచి తర్వాత చదునవుతుంది. అంటే ప్రశాంతంగా ఉండాల్సిన 0 దగ్గరే వాలు ఎక్కువ. మా గేట్‌లో ఎల్‌డీహెచ్ 1 దగ్గర పెట్టి ఏఎల్‌టీని 20 నుంచి 200కి పెంచితే చాలు, అవుట్‌పుట్ దాదాపు 20 శాతానికి వెళ్లింది. వాలు రెండు పైచిలుకు. మూడు శాతం నాయిస్‌తో మొదలై ప్రతి గేట్‌లో రెండింతలైతే నాలుగు గేట్లు దాటేసరికి 48 శాతం. ఇక అది 0నో 1నో ఎవరూ చెప్పలేరు. వాలును 1.2కి దించగలిగితే పది గేట్లు దాటినా 19 శాతం లోపే ఉంటుంది. ఫిల్టర్ (చిన్న ఊపును మింగేసే అదనపు రియాక్షన్) ఒక్కటీ లేకుండా, మోతాదులను సరిచేసుకుంటూ పోతే పది గేట్ల చుట్టుపక్కల దాకా కలపవచ్చని ప్రివ్‌మన్, కాట్జ్ బృందం 2008లో లెక్కతేల్చింది. అంతకు మించి పోవాలంటే గ్రాఫ్ ఆకారమే మారాలి.

అలుగు

హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే గ్రాఫ్ ఎస్ ఆకారంలో ఉంటుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. కింద చదును, మధ్యలో నిటారు, పైన మళ్లీ చదును. మాకు కావలసింది అలాంటిదే. కానీ ఏఎల్‌టీని పట్టుకుని హిమోగ్లోబిన్‌లా ప్రవర్తించమని అడగలేం. బయటినుంచి ఇంకో రియాక్షన్ తెచ్చి కలపాలి.

మనూరి చెరువును గుర్తు తెచ్చుకోండి. వాన పడుతుంటే చెరువు నిండుతుంది కానీ అలుగు పారదు. నిండిన తర్వాత పడే ప్రతి చుక్కా అలుగు మీదుగా పోతుంది. చిన్న చిన్న వానలు ఎన్ని పడినా అలుగు కింద పొలానికి తెలియదు. మా గేట్‌కు అలాంటి చెరువు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్.

గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను వాడుకుని ఎన్‌ఏడీని మళ్లీ ఎన్‌ఏడీహెచ్ చేస్తుంది. ఒక అణువుకు ఒక అణువు. క్యువెట్‌లో ఈ ఎంజైమ్‌ను ధారాళంగా పోసి, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను మాత్రం కొలిచి కొద్దిగా వేశాం. ఎల్‌డీహెచ్ ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చు చేస్తున్నా ఆ ఖర్చు వెంటనే తిరిగి వస్తుంటుంది, ఓడీ కదలదు. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ అయిపోయిన క్షణం నుంచి ఓడీ పడటం మొదలవుతుంది. 50 మైక్రోమోలార్ వేస్తే మొదటి 50 మైక్రోమోలార్ ఖర్చు బయటికి కనిపించదు. రెండు ఇన్‌పుట్లలో ఏది తక్కువైనా ఖర్చు ఆ 50 దాటదు కాబట్టి, ఒకే ఫిల్టర్ రెండు వైపులా పనిచేస్తుంది. ఇంత చౌకైన ఉపాయం ఇంత పని చేయడం నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

పని చేయని వారం

మొదటి వారం మాత్రం అది ఏ పనీ చేయలేదు. నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి మధ్యాహ్నం మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"మేడమ్, ఫిల్టర్ వేసినా వేయకపోయినా గీత ఒకేలా వస్తోంది. మూడుసార్లు చేశాను."

"గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కొత్తదేనా?"

"ఈ రోజు పొద్దున్నే కలిపాను మేడమ్."

"డీహైడ్రోజినేజ్ సీసా పట్రామ్మా. లేబుల్ మీద ఏముందో చదువు."

ఫ్రిజ్‌లోంచి తెచ్చి, మంచు తుడిచి చదివింది. "బేకర్స్ ఈస్ట్ మేడమ్."

అదీ సంగతి. ఈస్ట్ నుంచి తీసిన ఈ ఎంజైమ్ ఎన్‌ఏడీకి దగ్గరి బంధువైన ఎన్‌ఏడీపీతోనే పనిచేస్తుంది, ఎన్‌ఏడీని ముట్టుకోదు. ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసినది రెండింటితోనూ పనిచేస్తుంది. రెండు సీసాల మీదా ఎంజైమ్ పేరు ఒకటే, ఫ్రిజ్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఏ జీవి నుంచి తీసినదో రాయమని నేనే చెప్పి ఉండాల్సింది. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు.

కొత్త సీసా వచ్చాక ఇద్దరం స్క్రీన్ ముందు కూర్చున్నాం. రెండూ 1 ఉన్న క్యువెట్. 1.24 దగ్గర గీత నిలబడి ఉంది. ముప్పై సెకన్లు, నిమిషం, కదల్లేదు. లోపల ఎల్‌డీహెచ్ నిమిషానికి యాభై మైక్రోమోలార్ల దాకా ఎన్‌ఏడీహెచ్‌ను నమిలేస్తోందని మాకు తెలుసు, పైకి మాత్రం చీమ చిటుక్కుమన్న జాడ లేదు. తర్వాత గీత వంగింది. వంగాక ఇక ఆగలేదు. చెరువు నిండి అలుగు మీదుగా మొదటి నీరు దూకడం చూసినట్టే అనిపించింది.

ఎంజైమ్ మోతాదు గురించి ఒక మాట. మిల్లీలీటరుకు అర యూనిట్ వేస్తే వంపు మెత్తగా, సాగదీసినట్టు వచ్చింది. ఎన్‌ఏడీని తిరిగి మార్చే వేగం చాలక, చెరువు నిండకముందే గట్టు చెమ్మగిల్లింది. పది యూనిట్లు వేశాక వంపు పదునెక్కింది.

ఫిల్టర్ దాచిన తప్పు

అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్న తర్వాత కూడా, వంపు రోజురోజుకూ ఇంకాస్త ముందే వచ్చేస్తూ పోయింది. నాలుగు రోజులు వెతికాం. ఏఎల్‌టీ, ఎల్‌డీహెచ్‌లను అమ్మోనియం సల్ఫేట్ సస్పెన్షన్‌గా అమ్ముతారు. అలాంటి ఏఎల్‌టీలో గ్లూటమేట్ డీహైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైమ్ కొంచెం కలిసి ఉండొచ్చు. అది అమ్మోనియాను, మన రీజెంట్‌లో ఎలాగూ ఉన్న ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌ను కలిపి ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చు చేస్తుంది. పైరువేట్‌తో దానికి సంబంధమే లేదు.

ఫిల్టర్ లేని గేట్‌లో అయితే ఇది మొదటి రోజే దొరికేది. పోల్చి చూడటానికి పెట్టే బ్లాంక్ క్యువెట్‌లో గీత మెల్లగా జారుతూ కనిపించేది. ఫిల్టర్ ఉన్నందువల్ల బ్లాంక్ కూడా కదలకుండా కూర్చుంది. ఆ దొంగ ఖర్చును గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నిశ్శబ్దంగా భరిస్తోంది. నిమిషానికి ఐదు మైక్రోమోలార్ల చొప్పున ఆరు నిమిషాలు జారితే 30 మైక్రోమోలార్ చెరువు ముందే నిండిపోయినట్టు. నాయిస్‌ను మింగే గేట్ మన తప్పులను కూడా మింగేస్తుంది. అప్పటి నుంచి ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ లేని బ్లాంక్ ఒకటి నడుపుతున్నాం. ఎల్‌డీహెచ్‌ను గ్లిసరాల్‌లో ఉన్నది తెప్పించాం, మిగతా ఎంజైమ్‌లలోని ఉప్పును చిన్న కాలమ్ మీద తీసేస్తున్నాం.

గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ విషయంలోనూ తూచిన బరువును నమ్మడం మానేశాం. ఆ ఉప్పు తేమ పీలుస్తుంది. చెరువు లోతు సరిగ్గా తెలియాలంటే అదే ఎంజైమ్‌తో కొలవాలి. ఎన్‌ఏడీ ఎక్కువగా పోసి రియాక్షన్ పూర్తి కానిస్తే, 110 మైక్రోమోలార్‌కు ఓడీ 0.684 పెరగాలి. పెరగకపోతే స్టాక్ మళ్లీ కలపడమే.

అటు లాగితే ఇటు

50 మైక్రోమోలార్ ఫిల్టర్‌తో, మూడో నిమిషంలో చదివితే కింది మూలలు చక్కగా అణిగాయి. ఏఎల్‌టీ 1, ఎల్‌డీహెచ్ 0 దగ్గర ఇబ్బంది పెట్టిన ఆ 26 మొత్తం మాయమైంది. కానీ పైమూల దెబ్బతింది. ఇది నేను ముందు ఊహించలేదు. 165లో 50 పోతే 115 మిగిలింది. ఎల్‌డీహెచ్ పది శాతం తగ్గితే పోయే మైక్రోమోలార్లు ముందు ఎన్నో ఇప్పుడూ అన్నే, కానీ మొత్తం చిన్నదైంది కాబట్టి శాతంలో పెద్దదైంది. 1 దగ్గర వాలు ఒకటి దాటిపోయింది. కింద నాయిస్ తగ్గించి పైన పెంచుకున్నాం.

దారి ఒక్కటే కనిపించింది. పైన కూడా చదును కావాలంటే ఎన్‌ఏడీహెచ్ పూర్తిగా అయిపోవాలి, అప్పుడు ఇంక పడటానికి ఏమీ మిగలదు. అందుకు టైమ్ పెంచాలి. టైమ్ పెంచితే 0 వైపు ఖర్చు కూడా పెరుగుతుంది, కాబట్టి ఫిల్టర్ కూడా పెంచాలి. ఆరు నిమిషాలు తీసుకున్నాం. అప్పుడు ఏఎల్‌టీ 1, ఎల్‌డీహెచ్ 150 దగ్గర ఖర్చు సుమారు 63. ఆరోగ్యవంతుల్లో ఎల్‌డీహెచ్ 250 దాకా వెళ్లవచ్చు, అప్పుడు 105. అందుకే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ 110 పెట్టాం. అటు పైమూలలో, ఫిల్టర్ 110, ఎన్‌ఏడీహెచ్ 200 కలిపి 310 ఖర్చు కావాలి. ఆరు నిమిషాల్లో ఎల్‌డీహెచ్ దాదాపు 395 ఖర్చు చేయగలదు. అంటే ఎల్‌డీహెచ్ 1000 నుంచి 800కి పడినా అవుట్‌పుట్ చెక్కుచెదరదు.

120 పెట్టి ఉంటే కింద ఇంకాస్త నిశ్చింత, పైన ఇంకాస్త టెన్షన్. 100 పెడితే దానికి తిరగబడి. నేను 110 దగ్గర ఆగాను. రోగం ఉన్నవాళ్ల ఎల్‌డీహెచ్ ఎంత ఉంటుందన్న దానికంటే, లేనివాళ్లది ఎంత దాకా పోతుందన్నది నాకు ఎక్కువ నమ్మకంగా తెలుసు. తెలిసిన అంచును ముందు కాపాడాలనిపించింది.

ఏఎల్‌టీ వైపు మాత్రం గేట్ ఎంతో ఉదారంగా ప్రవర్తించింది. ఎల్‌డీహెచ్ 1000 ఉన్నా సరే, ఏఎల్‌టీ 260 దాటేవరకు ఓడీ కదలదు. 1050 దగ్గరికి వచ్చేసరికి పూర్తి సిగ్నల్ వచ్చేస్తుంది, అక్కడి నుంచి 2000 దాకా చదునే. సీరంలో ముందే ఉండే పైరువేట్ కూడా ఫిల్టర్‌లోనే కలిసిపోయింది. మామూలు ఎస్‌జీపీటీ టెస్టులో దాన్ని పోగొట్టడానికే సీరంతో రీజెంట్‌ను కాసేపు ఉంచి, ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌ను తర్వాత కలుపుతారు. మాకు ఆ మెట్టు అక్కర్లేకపోయింది.

గులాబీ రంగు ట్యూబు

బఫర్ ద్రావణంలో అంతా కుదిరాక పూల్డ్ సీరంలో (పలువురి సీరం కలిపినదానిలో) చేశాం. అక్కడ ఒక రోజు కొంచెం గులాబీ రంగు తిరిగిన ట్యూబు వచ్చింది. రక్తకణాలు పగిలి ఉన్నాయన్నమాట. ఎర్ర కణాల్లో ఎల్‌డీహెచ్ దండిగా ఉంటుంది. హాస్పిటల్ ల్యాబ్‌లో అలాంటి ట్యూబు వస్తే పక్కన పెట్టి మళ్లీ రక్తం తీయించేవాళ్లం.

మేం పక్కన పెట్టకుండా గేట్‌లో వేసి చూశాం. ఏఎల్‌టీ మామూలుగా ఉంది కాబట్టి అవుట్‌పుట్ 0 వచ్చింది. అండ్ గేట్ కావడం వల్ల అది గట్టెక్కింది. తర్వాత అదే సీరంలో ఏఎల్‌టీని 400కి పెంచాం. ఈసారి గీత వంగింది, పూర్తి సిగ్నల్‌లో అయిదో వంతుకు కాస్త ఎక్కువ దగ్గర ఆగింది. 0 కాదు, 1 కూడా కాదు. కణాలు పగలని సీరంలో, ఎల్‌డీహెచ్ మామూలుగా ఉండి, ఏఎల్‌టీ అంతే ఉంటే గీత కదిలేది కాదు.

ఇక్కడ ఫిల్టర్‌ను తప్పు పట్టలేం. అది ఇన్‌పుట్ ఊగిసలాటను ఆపగలదు కానీ, సూదితో లాగేటప్పుడే పగిలిన కణాల నుంచి వచ్చిన ఎల్‌డీహెచ్‌కూ, కాలేయం నుంచి వచ్చిన ఎల్‌డీహెచ్‌కూ తేడా దానికి తెలియదు. ఎంజైమ్ ఒకటే, పని ఒకటే. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఎంత పోసినా ఇది పోదు.

ఇప్పుడు ప్రతి సీరంను గేట్‌లో వేసే ముందు 415 నానోమీటర్ల దగ్గర ఒకసారి చదువుతున్నాం. హిమోగ్లోబిన్ అక్కడ గట్టిగా పీల్చుకుంటుంది, కంటికి గులాబీ రంగు తెలియకముందే ఓడీలో తెలిసిపోతుంది. మేం పెట్టుకున్న హద్దు దాటిన ట్యూబు మీద ఆ అమ్మాయి ఎర్ర స్కెచ్‌తో గీత గీసి, ట్రేలో చివరి వరుసలో పెడుతుంది.